అంబాసిడర్ ఇంజిన్‌ను ఇంటి దగ్గరే దించి, మళ్లీ ఎక్కించడం: మొదటి నట్టు నుంచి మొదటి స్టార్టు దాకా

పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో 1957లో మొదలైన అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. అయినా మన ఊళ్లలో షెడ్లలో, చెట్ల కింద, కొన్ని ఇళ్ల పోర్టికోల్లో ఆ బండ్లు ఇంకా ఉన్నాయి. చాలావాటికి బాడీ గట్టిగానే ఉంటుంది, అలసిపోయింది ఇంజినే. ఈ మార్గదర్శి పాత 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్ ఉన్న బండ్ల కోసం రాస్తున్నాను. అది బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వాళ్ల బి-సిరీస్ ఇంజిన్. ఇంగ్లండ్‌లో ఎంజీఏ అనే స్పోర్ట్స్ కారులో వాడింది కూడా ఈ కుటుంబానికి చెందిన 1489 సీసీ ఇంజినే. అందుకే దీని గురించి ప్రపంచమంతా బోలెడు సమాచారం దొరుకుతుంది. తర్వాత వచ్చిన ఇసుజు ఇంజిన్ బండ్లకు, డీజిల్ బండ్లకు బిగింపులు, బరువులు వేరు.

ఈ పనిలో నేను గట్టిగా నమ్మేది ఒక్కటే. ఇంజిన్ దించేటప్పుడు చేసే ప్రతి పనీ ఎక్కించే రోజును దృష్టిలో పెట్టుకుని చేయాలి. విప్పడం ఒక రోజులో అయిపోతుంది. లేత్ షాపు నుంచి బ్లాక్ (సిలిండర్లు ఉండే ఇంజిన్ మొండెం) తిరిగి రావడానికి నెల పట్టొచ్చు, రెండు నెలలు పట్టొచ్చు. ఈలోగా ఏ బోల్టు ఎక్కడిదో మీకు గుర్తుండదు.

అసలు దించాలా?

ముందు ఈ ప్రశ్నకు జవాబు తేల్చుకోండి. హెడ్ ప్యాకింగ్ పోయినా, వాల్వ్‌లు గ్రైండింగ్ చేయాల్సి వచ్చినా ఇంజిన్‌ను కదపక్కర్లేదు, హెడ్ ఒక్కటి తీస్తే చాలు. క్లచ్ ప్లేట్ మార్చాలంటే కింద నుంచి గేర్‌బాక్స్ దించితే పని అయిపోతుంది. వెనుక వైపు నుంచి అప్పుడప్పుడు నాలుగు చుక్కల ఆయిల్ పడుతోందని మాత్రం ఇంజిన్ దించకండి. ఈ పాత ఇంజిన్లలో క్రాంక్ (పిస్టన్లు తిప్పే ప్రధాన షాఫ్ట్) వెనుక చివర రబ్బరు సీల్ ఉండదు. షాఫ్ట్ మీద మరలాంటి గాడి ఉండి, అది తిరుగుతూ ఆయిల్‌ను లోపలికి నెడుతుంది. బండి ఆగి ఉన్నప్పుడు కాస్త చెమర్చడం ఆ డిజైన్‌లోనే ఉంది.

ఆయిల్ ప్రెజర్ వేడి మీద పడిపోతోందా, కింద నుంచి బరువైన దడదడ శబ్దం వస్తోందా, నాలుగు సిలిండర్లలో కంప్రెషన్ బాగా తేడాగా ఉందా, సైలెన్సర్ నుంచి నీలం పొగ ఆగకుండా వస్తోందా? అప్పుడు క్రాంక్ గ్రైండింగ్, బ్లాక్ బోరింగ్ తప్పవు, ఇంజిన్ దించాల్సిందే. కంప్రెషన్ టెస్ట్ చేయించి, నాలుగు అంకెలూ కాగితం మీద రాసుకున్నాకే పానా పట్టుకోండి.

ఇక్కడే ఇంకో మాట. కొందరు పాత ఇంజిన్ తీసేసి వేరే డీజిల్ ఇంజిన్ వేయించుకోమని సలహా ఇస్తారు. నేనైతే వద్దంటాను. ఇంజిన్ మారిస్తే రవాణా శాఖ అనుమతి తీసుకుని, ఆర్.సి.లో మార్పించుకోవాలి. పైగా 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన కార్లను ప్రత్యేకంగా నమోదు చేయించుకోవచ్చు. దానికి ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు జరగకుండా బండి అసలు రూపంలో ఉండాలి. మీ బండి 1970ల నాటిదైతే ఆ నంబరున్న బ్లాక్‌ను కాపాడుకోవడమే తెలివైన పని. పని మొదలుపెట్టే ముందు బ్లాక్ మీది ఇంజిన్ నంబరును ఆర్.సి.తో సరిచూసి, ఫొటో తీసి పెట్టుకోండి. లేత్ షాపులో ఒకే రకం బ్లాకులు నాలుగైదు పడి ఉంటాయి. మీది మీకే తిరిగి వచ్చిందని చెప్పేది ఆ నంబరే.

చోటు, ఎత్తే సరంజామా

చదునైన సిమెంటు నేల కావాలి. మట్టి నేల మీద, టైల్స్ మీద ఈ పని పెట్టుకోవద్దు. ఇంజిన్ ఒక్కటే 150 కిలోలకు పైన ఉంటుంది. దాన్ని పోర్టికో స్లాబులోని ఫ్యాన్ కొక్కేనికి వేలాడదీయాలనే ఆలోచన వస్తే అక్కడే ఆపేయండి. ఆ కొక్కెం ఫ్యాను బరువుకు వేసినది. వేప కొమ్మ, మామిడి కొమ్మ కూడా అంతే. పైకి పచ్చగా ఉన్న కొమ్మ లోపల ఎంత పుచ్చిందో ఎవరూ చెప్పలేరు.

రెండు మార్గాలున్నాయి. ఒకటి, చక్రాలున్న హైడ్రాలిక్ ఇంజిన్ క్రేన్. అద్దెకు దొరికితే అదే మంచిది. రెండోది, మన షెడ్లలో తరతరాలుగా వాడుతున్న మూడు కాళ్ల ఇనుప స్టాండు, దానికి ఒక టన్ను చైన్ బ్లాక్. స్టాండు ఎత్తు కనీసం తొమ్మిది అడుగులు ఉండాలి. కారు ముందు ప్యానెల్ సుమారు మూడు అడుగులు, దాని పైకి ఇంజిన్ అడుగు రావాలి, ఆ పైన ఇంజిన్ ఎత్తు, స్లింగ్, చైన్ బ్లాక్ అన్నీ పట్టాలి. రెండు కాళ్లు బండికి చెరో పక్క, మూడోది బండి ముందు వస్తుంది. పక్క కాళ్ల మధ్య ఏడు అడుగులైనా ఎడం ఉండాలి, ఎందుకంటే బండి వెడల్పు ఐదున్నర అడుగులు. మూడు కాళ్లనూ అడుగు దగ్గర గొలుసుతో కలిపి కట్టండి. కట్టకపోతే బరువు పడగానే నున్నటి నేల మీద కాళ్లు బయటికి జారతాయి.

స్టాండుతో పని చేస్తే ఇంజిన్ ఉన్నచోటే వేలాడుతుంది, బండినే వెనక్కి నెట్టాలి. కాబట్టి బండి వెనుక ఒక కారు పొడుగంత ఖాళీ ఉండేలా ముందే నిలపండి. కనీసం ఇద్దరు ఉండాలి, ముగ్గురైతే హాయి. మూడో మనిషికి చేతి పని ఏదీ ఇవ్వకండి. ఎక్కడ ఏది తగులుతోందో చూసి కేకేయడమే అతని పని.

పానాల విషయంలో రాజీ పడొద్దు. ఈ ఇంజిన్ నట్లన్నీ ఇంచి కొలతల్లో ఉంటాయి. 7/16, 1/2, 9/16, 5/8, 3/4 రింగ్ పానాలు, సాకెట్లు ఉండాలి. 1/2 ఇంచి అంటే 12.7 మి.మీ. దానికి 13 పానా వేస్తే పట్టినట్టే ఉంటుంది, గట్టిగా తిప్పగానే మూలలు అరిగి నట్టు గుండ్రమైపోతుంది. 9/16కి 14 పానా దూరదు, 15 వదులవుతుంది. 3/4కి 19 పానా మాత్రం సరిపోతుంది, తేడా 0.05 మి.మీ. మాత్రమే. సైలెన్సర్ పైపు నట్లకు, బెల్ హౌసింగ్ (ఇంజిన్‌కు ఆని ఉండే గేర్‌బాక్స్ గంట ఆకారపు మూత) బోల్టులకు ముందు రోజు సాయంత్రమే తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి వదిలేయండి.

విప్పే ముందు గుర్తులు

ఫోన్‌తో బానెట్ కింద అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీయండి. ఒక్కో వైరు ఎక్కడి నుంచి ఎక్కడికి పోతోందో తెలిసేలా దగ్గర నుంచి కూడా తీయండి. ఈ వయసు బండ్లలో వైర్ల రంగులు వెలిసిపోయి అన్నీ ఒకే మట్టి రంగులో ఉంటాయి. రంగును నమ్ముకుంటే ఎక్కించే రోజు టెన్షన్ తప్పదు. ప్రతి వైరుకూ మాస్కింగ్ టేపు చుట్టి పేరు రాయండి.

బోల్టులకు చిన్న ప్లాస్టిక్ కవర్లు వాడండి, భాగానికో కవరు. పేరును కవరు మీద మార్కర్‌తో రాయకండి, పెట్రోల్ తగిలితే చెరిగిపోతుంది. అట్టముక్క మీద బాల్‌పెన్నుతో రాసి లోపల వేయండి. వీలైన చోట బోల్టును దాని రంధ్రంలోనే రెండు చుట్లు తిప్పి వదిలేయడం ఇంకా మేలు. బోల్టుల పొడవుల్లో తేడాలుంటాయి. పొట్టిది ఉండాల్సిన చోట పొడుగుది బిగిస్తే అడుగున తగిలి పోత పగులుతుంది.

విప్పే వరుస

బ్యాటరీతో మొదలుపెట్టండి. ముందుగా తీయాల్సింది ఎర్త్ వైరు. ఏది ఎర్త్ అనేది ఊహించకండి, బాడీకి ఏది కలిసి ఉందో చూసి తెలుసుకోండి. ఆ కాలపు బ్రిటిష్ డిజైన్లలో పాజిటివ్‌ను బాడీకి కలిపే పద్ధతి ఉండేది. మీ బండి అలాంటిదైతే పెద్ద అక్షరాలతో రాసి పెట్టుకోండి. తిరిగి కలిపేటప్పుడు ఎవరో ఒకరు అలవాటు కొద్దీ తిప్పి పెట్టే ప్రమాదం ఉంది.

బానెట్ హింజిల చుట్టూ పెన్సిల్‌తో గీత గీసి, ఇద్దరూ చెరో పక్క పట్టుకుని బానెట్ తీయండి. ఆ గీతలే మళ్లీ బిగించేటప్పుడు గ్యాపులు సరిగ్గా వచ్చేలా చూస్తాయి.

నీళ్లు ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు దించాలి, ఆయిల్ గోరువెచ్చగా ఉన్నప్పుడు. రేడియేటర్ ట్యాప్ ఒక్కటే తిప్పితే బ్లాక్‌లో నీళ్లు మిగిలిపోతాయి. బ్లాక్ పక్కన కూడా ట్యాప్ ఉంటుంది, అది మట్టితో మూసుకుపోయి ఉంటే సన్నని తీగతో పొడవండి. కూలెంట్ కలిపిన నీళ్లను బకెట్లో పట్టి మూత పెట్టండి. ఆ తియ్యటి వాసనకు కుక్కలు, పిల్లులు వచ్చి తాగుతాయి, అది వాటి ప్రాణం తీస్తుంది.

తర్వాత గొట్టాలు, రేడియేటర్, ఫ్యాన్ రెక్కలు. రేడియేటర్ తీయకుండా ఇంజిన్ బయటికి రాదు. దాన్ని గోడకు ఆనించి పైన గోనెసంచి కప్పండి. ఎయిర్ క్లీనర్, కార్బురేటర్ కూడా తీసేయండి. కార్బురేటర్‌తో సహా ఎత్తేవాళ్లున్నారు కానీ, గొలుసు ఒక్కసారి పక్కకు జారిందంటే అల్యూమినియం బాడీ నిలబడదు. పెట్రోల్ పైపు ఊడదీసిన వెంటనే దాని మూతికి సరిపోయే బోల్టుతో బిరడా పెట్టండి. ఆ రోజు ఆ చుట్టుపక్కల బీడీ, అగరుబత్తి, గ్యాస్ పొయ్యి ఏవీ ఉండకూడదు.

ప్లగ్ వైర్లకు రేడియేటర్ వైపు నుంచి 1, 2, 3, 4 అని గుర్తులు పెట్టి, డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకు వరుసగా కరెంటు పంచేది) మూతతో సహా తీయండి. ఇంజిన్ విప్పి పని చేయించేది లేకపోతే డిస్ట్రిబ్యూటర్ క్లాంపును ముట్టుకోకండి, టైమింగ్ అలాగే నిలుస్తుంది. డైనమో, సెల్ఫ్ మోటార్ తీయండి. ఉష్ణోగ్రత గేజికి వైరు బదులు సన్నని రాగి గొట్టం ఉన్న బండ్లలో మహా జాగ్రత్త. ఆ గొట్టంతోనే గేజి పనిచేస్తుంది, మడత పడి తెగితే గేజి మొత్తం పోయినట్టే. ఇంజిన్ వైపు నట్టు తీసి, బల్బును మెల్లగా బయటికి లాగి, చుట్ట చుట్టి పక్కన కట్టేయండి. ఆయిల్ గేజి పైపు, చోక్ కేబుల్, యాక్సిలేటర్ లింకు, సైలెన్సర్ పైపు కూడా అయిపోయాక ఒక్కటి మిగులుతుంది. ఇంజిన్ నుంచి ఛాసిస్‌కు పోయే అల్లిక ఎర్త్ పట్టీ. మురికిలో కలిసిపోయి కనిపించదు, వెతికి తీయండి.

ఇంజిన్ ఒక్కటే తీయాలా, గేర్‌బాక్స్‌తో కలిపి తీయాలా? గేర్‌బాక్స్‌లో పని లేకపోతే దాన్ని బండిలోనే ఉంచమంటాను. ప్రొపెల్లర్ షాఫ్ట్, స్టీరింగ్ దగ్గరి గేర్ రాడ్ల అమరిక ఏవీ కదలవు, ఎత్తాల్సిన బరువు తగ్గుతుంది. ఎక్కించేటప్పుడు షాఫ్ట్‌ను క్లచ్‌లో దూర్చడం కాస్త ఓపిక పని. అంతే తేడా.

ఎత్తడం

గేర్‌బాక్స్ కింద జాకీ పెట్టి, మధ్యలో చెక్క ముక్క వేసి, బరువు ఆనేంత వరకే లేపండి. ఇంజిన్ వెళ్లిపోయాక గేర్‌బాక్స్ ముందు భాగాన్ని మోసేది ఆ జాకీయే.

స్లింగ్‌ను (ఇంజిన్‌ను ఎత్తే గొలుసు లేదా బెల్టు) ఇంజిన్ పై మూత అయిన రాకర్ కవర్‌కు, పక్కనున్న మానిఫోల్డు పైపులకు తగిలించకూడదు. హెడ్ స్టడ్ నట్ల కింద మందపాటి ఇనుప పట్టీలు బిగించి, వాటి రంధ్రాలకు గొలుసు వేయండి. లేదా టన్ను బరువు మోస్తుందని ముద్ర ఉన్న నైలాన్ బెల్టును ముందూ వెనుకా బ్లాక్ కిందుగా చుట్టండి. కొబ్బరి తాడు, బావి తాడు పనికిరావు. గొలుసు బిగిసి, బరువు అందుకోవడం మొదలయ్యాక మిగతా బోల్టులు తీయండి. బెల్ హౌసింగ్ చుట్టూ ఉన్నవాటిలో ఎదురెదురుగా రెండింటిని చివరి వరకు ఉంచండి. ఇంజిన్‌ను బండికి పట్టి ఉంచే ముందున్న రెండు మౌంటింగ్‌లు విప్పండి. ఆఖరున ఆ రెండు బోల్టులు.

ఇక్కడి నుంచి ఐదు నిమిషాలు ఎవరూ తొందర చేయకూడదు. ఇంజిన్‌ను మొదటే పైకి లేపకూడదు, తిన్నగా ముందుకు లాగాలి. గేర్‌బాక్స్ నుంచి వచ్చే షాఫ్ట్ క్లచ్ ప్లేట్ మధ్యలోకి దూరి ఉంటుంది. అది పూర్తిగా బయటపడేదాకా ఇంజిన్, గేర్‌బాక్స్ ఒకే గీతలో ఉండాలి. ఇంజిన్ బరువు ఆ షాఫ్ట్ మీద వేలాడిందంటే క్లచ్ ప్లేట్ హబ్ వంగుతుంది. ఆ సంగతి బండి రోడ్డెక్కి క్లచ్ వణకడం మొదలయ్యేదాకా బయటపడదు. రాకపోతే సుత్తి తీసుకోకండి. మర్చిపోయిన బోల్టో, వైరో ఎక్కడో ఉంటుంది, వెతకండి. షాఫ్ట్ వదిలాక ముందు భాగం పైకి, వెనుక భాగం కిందికి వాలేలా పట్టుకుని, ఒక్కో లింకు చొప్పున లేపండి. ఆయిల్ చాంబర్ (ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే రేకు తొట్టి) బండి ముందు ప్యానెల్ దాటగానే హ్యాండ్ బ్రేక్ వదిలి బండిని వెనక్కి నెట్టండి. వేలాడే ఇంజిన్ కింద చేయి, కాలు, తల ఏదీ ఉండకూడదు.

దించేటప్పుడు రేకు చాంబర్ మీద బరువు పడనీయకండి. పాత లారీ టైరు మీద కూర్చోబెట్టి, పక్కల చెక్క దుంగలు ఆనించండి. ఇంజిన్ బయట ఉన్నన్నాళ్లు ఎవరూ క్లచ్ పెడల్ తొక్కకుండా దాని మీద ఒక కాగితం అంటించండి. తొక్కితే అవతల ఆపేది ఏదీ లేక, గేర్‌బాక్స్ దగ్గర క్లచ్‌ను నెట్టే స్లేవ్ సిలిండర్ పిస్టన్ బయటికి వచ్చేస్తుంది.

బయట ఉన్నప్పుడే చేయాల్సినవి

లేత్ పని గురించి వివరంగా రాయను, అది వేరే చేతి పని. బోరింగ్‌లోనూ, క్రాంక్ గ్రైండింగ్‌లోనూ కొలతలు ఇంచిలో వెయ్యో వంతుల్లో పది, ఇరవై, ముప్పై అంటూ పోతాయి. పిస్టన్లు, బేరింగులు చేతికి వచ్చాకే బోరింగ్ చేయించండి. ముందే చేయించి ఆ సైజు దొరక్కపోతే బ్లాక్ అలా పడి ఉంటుంది. పని విజయవాడ ఆటోనగర్‌లాంటి చోట్ల చేయించుకోవచ్చు. అరుదైన భాగాలకు కోల్‌కతా మల్లిక్ బజార్, ఢిల్లీ కశ్మీరీ గేట్ వైపు వెతకాలి.

బ్లాక్ నీళ్ల గదుల్లో పేరుకున్న మట్టి గురించి మాత్రం గట్టిగా చెబుతాను. ఏళ్ల తరబడి బోరు నీళ్లు పోసిన ఇంజిన్లలో, ముఖ్యంగా నాలుగో సిలిండర్ వెనుక, తుప్పు బురద గడ్డకట్టి ఉంటుంది. ఎండాకాలం ట్రాఫిక్‌లో అంబాసిడర్ వేడెక్కుతోందంటే రేడియేటర్‌ను తిట్టేవాళ్లే కానీ ఇటు చూసేవాళ్లు తక్కువ. బ్లాక్ పక్కన ఉండే రేకు ప్లగ్గులన్నీ ఊడదీసి, లోపల గీకి, ఒత్తిడి నీళ్లతో కడిగి, కొత్త ప్లగ్గులు కొట్టించండి. ఇంజిన్ బండిలో ఉండగా వెనుక ప్లగ్గుకు చేయి అందదు.

క్లచ్ ప్లేట్, ప్రెజర్ ప్లేట్, రిలీజ్ బేరింగ్ బాగానే కనిపించినా మార్చేయండి. క్రాంక్ చివర ఉండే చిన్న కంచు బుష్ కూడా మార్చండి. కొత్త బుష్‌ను ఒక రోజంతా ఇంజిన్ ఆయిల్‌లో నానబెట్టి వేయాలి. ముందు మౌంటింగ్ రబ్బర్లు ఆయిల్ తాగి మెత్తబడి ఉంటాయి, అవీ కొత్తవే వేయండి.

ఎక్కించడం

క్లచ్ ప్లేట్‌ను ఏ వైపు పెట్టాలో దాని మీదే రాసి ఉంటుంది, చదివి పెట్టండి. ప్రెజర్ ప్లేట్ బోల్టులు వేళ్లతో బిగించాక, ప్లేట్‌ను సరిగ్గా మధ్యకు తేవాలి. దీనికి పాత గేర్‌బాక్స్ షాఫ్ట్ ముక్కను మించిన పనిముట్టు లేదు, స్క్రాప్‌లో దొరుకుతుంది. అది బుష్ దాకా సాఫీగా దూరి, వదులు లేకుండా ఉన్నప్పుడు బోల్టులను ఎదురెదురుగా, కొద్దికొద్దిగా బిగించండి. గేర్‌బాక్స్ షాఫ్ట్ పళ్లకు పలచగా గ్రీజు రాయండి. ఎక్కువైతే తిరుగుతూ ప్లేట్ మీద పడుతుంది.

గేర్ లీవర్‌ను టాప్‌లో వేసి, హ్యాండ్ బ్రేక్ లాగండి. ఇప్పుడు షాఫ్ట్ తిరగదు. ఇంజిన్‌ను వెనుక భాగం కిందికి వాలేలా దించుతూ, బెల్ హౌసింగ్ ఎదురుగా వచ్చాక గేర్‌బాక్స్ ఏ కోణంలో ఉందో అదే కోణానికి తెండి. చుట్టూ గ్యాపు సమానంగా ఉందా అని టార్చి వేసి చూడండి. పైన ఎక్కువ, కింద తక్కువ ఉంటే జాకీని కొంచెం సర్దండి. పళ్లు కలవకపోతే ఒకరు ఇంజిన్‌ను వెనక్కి నెడుతుండగా ఇంకొకరు ముందు పుల్లీ నట్టుకు పానా వేసి క్రాంక్‌ను అటూ ఇటూ కదపండి. పళ్లు కలిసిన క్షణాన ఇంజిన్ తనంతట తానే రెండు వేళ్ల మేర లోపలికి జారుతుంది.

గ్యాపు మిగిలి ఉంటే బోల్టులు బిగించి దగ్గరికి లాగాలని అందరికీ అనిపిస్తుంది. అలా చేస్తే హౌసింగ్ చెవి విరుగుతుంది. చేత్తో నెడితే పూర్తిగా ఆనాలి, ఆనాకే బోల్టులు. బెల్ హౌసింగ్ బోల్టులు, ముందు మౌంటింగ్‌లు అన్నీ చేతి వేళ్లతో ఎక్కించి, గొలుసు వదులు చేసి, ఇంజిన్ తన బరువుతో కుదురుకున్నాక బిగించండి. హెడ్, బేరింగు, ఫ్లైవీల్ బోల్టులకు మీ మోడల్ మాన్యువల్‌లోని కొలత ప్రకారం టార్క్ రెంచి వాడండి.

మిగతాది విప్పిన వరుసకు తిరగేసిన వరుసే. ఎర్త్ పట్టీని మాత్రం మొదటే బిగించేయండి, లోహం మెరిసేలా గీకి మరీ. అది లేకుండా సెల్ఫ్ కొడితే కరెంటు చోక్ కేబుల్ దారి పట్టి, కేబుల్ కాలి పొగ వస్తుంది.

మొదటి స్టార్టు

20డబ్ల్యూ-50 ఆయిల్ పోసి, నీళ్లు నింపి, గాలి పోయేదాకా పై గొట్టాన్ని పిసకండి. ట్యాపెట్లు (వాల్వ్‌ల దగ్గర ఉండాల్సిన సన్నని గ్యాపు) సెట్ చేయడానికి తొమ్మిది లెక్క గుర్తుంచుకోండి. ఎనిమిదో వాల్వ్ పూర్తిగా తెరుచుకున్నప్పుడు ఒకటోది, ఆరోది తెరుచుకున్నప్పుడు మూడోది, ఇలా రెండు అంకెలూ కలిపితే తొమ్మిది రావాలి. లూకాస్ డిస్ట్రిబ్యూటర్ పాయింట్ల మధ్య గ్యాపు 14 నుంచి 16 థౌ (ఇంచిలో వెయ్యో వంతులు). ప్లగ్ వైర్ల వరుస 1-3-4-2.

ముందు నాలుగు ప్లగ్గులూ తీసేసి, ఇగ్నిషన్ వైరు ఊడదీసి, సెల్ఫ్ కొట్టండి. పది సెకన్లు కొట్టి, కాసేపు ఆపి, మళ్లీ కొట్టండి. ఆయిల్ గేజి ముల్లు కదిలేదాకా లేదా లైటు ఆరేదాకా ప్లగ్గులు పెట్టొద్దు. కొత్త బేరింగులు పొడిగా తిరగకూడదు, ఇంత ఖర్చూ వాటి కోసమే. మంటలార్పే సిలిండర్ చేతికందేలా ఉంచి స్టార్ట్ చేయండి. ఆయిల్ ప్రెజర్ వెంటనే రాకపోతే ఆపేయాలి. వచ్చాక ఐడ్లింగ్‌లో ఎక్కువసేపు వదిలేయకండి, కొంచెం రేస్ మీద ఉంచుతూ కింద ఆయిల్, నీళ్లు, పెట్రోల్ ఎక్కడైనా కారుతున్నాయేమో చూడండి. మొదటిసారి బాగా వేడెక్కి పూర్తిగా చల్లారాక హెడ్ నట్లు వరుస ప్రకారం మరోసారి చూసి, ట్యాపెట్లు మళ్లీ కొలవండి.

మొదటి 500 కిలోమీటర్లు ఘాట్ రోడ్లకు, నిండు లోడుకు తీసుకెళ్లకండి. ఒకే వేగంలో కాకుండా వేగం మారుస్తూ నడపండి. 500 దాటగానే ఆయిల్, ఫిల్టర్ మార్చి, మౌంటింగ్ బోల్టులు, సైలెన్సర్ పైపు నట్లు, బెల్ హౌసింగ్ బోల్టులు ఒక్కొక్కటీ పానా వేసి చూడండి. తీసిన ఆయిల్‌ను తెల్ల గిన్నెలో పోసి ఎండలో పరిశీలించండి. సన్నని బూడిదరంగు మెరుపు మామూలే, రింగులు సర్దుకుంటున్నాయని అర్థం. గోటికి తగిలేంత రేకు ముక్కలు కనిపిస్తే మాత్రం బండిని అక్కడే ఆపి, చాంబర్ విప్పి బేరింగులు చూడాలి.